స్టీలా, అల్యూమినియమా

గల్ఫ్‌లో, అల్ రయ్యాన్ అనే ఊళ్ళో ఒక సైకిళ్ళ దుకాణం వెనక రేకుల షెడ్డులో ఒక్కడినే పనిచేస్తాను. మనిషి కొలతలు తీసుకుని, గొట్టాలు కోసి, అతికి, అతని ఒంటికి సరిపడే ఫ్రేము కడతాను. వచ్చే ప్రతివాడూ ఫోన్లో నాలుగు వీడియోలు చూసి మరీ వస్తాడు. ఒకరికి కార్బనే దేవుడు, ఇంకొకరికి టైటానియం. నేను ఎదురు చెప్పను. రకరకాల గొట్టం ముక్కలు చేతిలో పెట్టి, ఎక్కడ తొక్కుతారో, నడుము నొస్తుందో లేదో అడుగుతాను. వాళ్ళు మాట్లాడి మాట్లాడి అలసిపోయాక కొలతలు తీసుకుంటాను.

అలసిపోనివాడు ఒక్కడే తగిలాడు. గోదావరి వైపు ఆయన, ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి, ప్రతి శుక్రవారం చర్చి నుంచి ఇస్త్రీ చొక్కాతో నేరుగా నా దగ్గరికి వచ్చేవాడు.

"ఈ ఉప్పు గాలికి స్టీలు తుప్పు పట్టెయ్యదేంటండీ? అల్యూమినియమే మేలు."

"లోపల మైనం నూనె పట్టిస్త సార్, ఏం గాదు."

మరుసటి వారం మళ్ళీ అదే పాట. నా తల తినేసేవాడు. ఒళ్ళు మండేది. అయినా ఆయనకిచ్చే చాయ్ కోసం గురువారమే పాలు, అల్లం తెచ్చి పెట్టుకునేవాణ్ణి. మేముండే కూలీల క్యాంపులో నా గదిలో తెలుగు వచ్చినవాళ్ళు లేరు. వారం మొత్తంలో నేను నోరారా మాట్లాడేది ఆయనతోనే.

ఒక శుక్రవారం నాకు పంతం వచ్చింది. రెండు రకాల గొట్టాలూ పక్కపక్కన బిగించి వంచాను, మళ్ళీ వెనక్కి సాగదీశాను. అల్యూమినియం చిట్లింది. స్టీలు నిలిచింది.

"సూసిన్రా? ఒక్కసారి కట్టిచ్చిన్నంటే ఇది మల్ల నా షెడ్డు మొఖం సూడది."

ఆయన ఆ గొట్టాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. "అయితే స్టీలే కానివ్వండి," అన్నాడు. ఆ రోజు నేను పొంగిపోయాను.

ఏ ఫ్రేమునూ అంత శుభ్రంగా అంతకుముందెప్పుడూ నేను అతకలేదు. సైకిల్ తయారయ్యాక ఆయన షెడ్డు ముందు ఒక చుట్టు తొక్కి, నవ్వి, చేయి కలిపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి శుక్రవారం అలవాటుగా రెండు గ్లాసుల చాయ్ పెట్టాను. రాలేదు. ఆపై వారమూ రాలేదు. ఉండబట్టలేక ఫోన్ చేసి, సైకిల్ ఎలా ఉందని అడిగాను.

"దివ్యంగా ఉందండీ! చిన్న చప్పుడు కూడా లేదు. మీరన్నట్టే, మీ షెడ్డుకి తేవాల్సిన పనే పడలేదు."

"సంతోషం సార్," అన్నాను. ఊరికే ఒకసారి వచ్చి చాయ్ తాగిపొమ్మని అడగడానికి నోరు రాలేదు.