ఫైట్ మాస్టర్ నేర్పిన హాకీ

హాకీ ఆడి ఎవడైనా బతుకుతాడా అని కృష్ణానగర్‌లో నన్ను అడగని వాడు లేడు. అడిగిన వాళ్లలో సగం మంది సినిమాల్లో ఛాన్సు కోసం వచ్చి అద్దె గదుల్లో పడి ఉన్నవాళ్లే. వాళ్లు కూడా నా మీద జాలి పడుతుంటే ఒళ్లు మండేది. హాకీ ఆడి బతకొచ్చు. కాకపోతే మా రోజుల్లో దానికి ఒకటే దారి. ఏదైనా పెద్ద ప్రభుత్వ డిపార్ట్‌మెంట్ తన జట్టులోకి తీసుకోవాలి. తీసుకుంటే ఉద్యోగం వాళ్లే ఇస్తారు. పొద్దునా సాయంత్రం ఆట, మధ్యలో ఆఫీసుకు వెళ్లి ఒక సంతకం. దానికి ఏడాదికోసారి సెలెక్షన్లు పెట్టేవాళ్లు. నేను రెండుసార్లు వెళ్లి చేతులూపుకుంటూ తిరిగొచ్చాను. ఇంకొక్కసారి మిగిలింది. అది కూడా పోతే వయసు దాటిపోతుంది.

నేను గోల్ కొట్టాల్సిన ఫార్వర్డ్‌ని. నా స్నేహితుడు గోల్‌కు అడ్డం నిలిచే ఫుల్ బ్యాక్, బోరబండ వాడు, నా ఈడు వాడే. ఇద్దరం అక్కడి రైల్వే స్టేషన్ వెనక మొరం నేల మీద ఆట నేర్చుకున్నాం. ఆ నేల మీద బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. సెలెక్షన్లు మాత్రం టర్ఫ్ మీద, అంటే నీళ్లతో తడిపిన ప్లాస్టిక్ గడ్డి మీద పెట్టేవాళ్లు. దాని మీద బంతి జర్రున జారిపోతుంది. సెలెక్షన్ల రోజు తప్ప మా కాలు టర్ఫ్ మీద పడే యోగం లేదు. రెండుసార్లూ నా కొంప ముంచింది అదే.

అందుకే ఆ ఏడాది సినిమావాళ్లు మా కోచ్ దగ్గరికొచ్చి, నిజమైన ఆటగాళ్లు కావాలని అడిగితే ఎగిరి గంతేశాం. హీరో హాకీ ఆడే కథట. ఫిల్మ్ నగర్‌లో బండల మధ్య చదును చేసిన జాగాలో స్టేడియం సెట్ వేశారు. గ్యాలరీలు ప్లైవుడ్‌వి, వెనక జనం బొమ్మలు. కింద పరిచింది మాత్రం అసలు టర్ఫే. ఎక్కడో పీకేసిన పాతది తెచ్చి అతికించారు. రోజూ ట్యాంకరు వచ్చి తడిపేది. సెలెక్షన్లకు ముందు వారాల తరబడి టర్ఫ్ మీద ఆట, పైగా రెండు పూటలా ప్రొడక్షన్ వాళ్ల భోజనం. ఈసారి మనల్ని ఆపేవాడు లేడని ఇద్దరం అనుకున్నాం.

నా కాళ్లు హీరో కాళ్లకు సరిపోయాయట. నడుం నుంచి కిందంతా నేను, పైనంతా ఆయన. నా స్నేహితుడు ఎదుటి జట్టు డిఫెండర్. ఆట ఎలా ఆడాలో చెప్పింది ఫైట్ మాస్టర్. జన్మలో హాకీ స్టిక్ పట్టుకున్న మనిషి కాదు. ఫైట్లకు వేసినట్టే మా ఆటకూ చిటికెలు వేసి లెక్క కట్టాడు. వన్ అంటే బంతిని కుడివైపు తీసుకెళ్తున్నట్టు చూపించాలి. టూ అంటే ఎడమకు లాగాలి. త్రీ అంటే నేను బంతిని ఆపి ఉంచాలి, డిఫెండర్ నా కాళ్ల ముందు జారిపడాలి, నీళ్లు చిమ్మాలి, ట్రాలీ మీద కెమెరా ఆ నీళ్లను పట్టుకోవాలి. ఆ తర్వాతే నేను అతన్ని దాటాలి.

మొదటి రోజు నేను ఆగకుండా వెళ్లిపోయాను. గోల్ ముందు ఆగితే బంతి పోతుంది, ఆ సంగతి ఆట మొదలుపెట్టిన నాడే చెబుతారు. మాస్టర్ మైకులో కేకలేశాడు. తర్వాత దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, మెత్తగానే చెప్పాడు.

"నువ్వు గోల్ కొట్టడం ఎవడికీ అక్కర్లేదు బాబూ. వాడు పడటం కనిపించాలి. త్రీకి ఆగు."

ఆగాను. టేకు మీద టేకు. నా స్నేహితుడు మోకాళ్లు దోక్కుపోయినా పడుతూనే ఉన్నాడు. షాట్లకు మధ్య మా సొంత ఆట ఆడుకుందామనుకున్నాం గానీ, టర్ఫ్ మీద పెట్టిన గుర్తులు చెరిగిపోతాయని అసిస్టెంట్ డైరెక్టర్ మమ్మల్ని గీత దాటనివ్వలేదు. కాబట్టి టర్ఫ్ మీద నేను చేసిన సాధనంతా ఆ వన్ టూ త్రీయే. అయినా సంతోషంగానే ఉన్నాను, ఎందుకంటే బంతి నా మాట వినడం మొదలుపెట్టింది. మా అమ్మ కృష్ణానగర్‌లో డాన్సర్లకు బట్టలు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ, ఈసారి నా కొడుక్కి నౌకరీ ఖాయమని చెప్పేది.

షూటింగ్ అయిపోయిన కొద్ది రోజులకే సెలెక్షన్లు పెట్టారు. మమ్మల్ని రెండు జట్లుగా విడగొట్టి మ్యాచ్ ఆడించారు. నా స్నేహితుడు ఎదుటి జట్టులో పడ్డాడు. మొదటి సగం నేను చాలా బాగా ఆడాను. సెలెక్టర్లలో ఒకాయన పక్కాయనకు నన్ను చూపించడం నా కళ్లతో చూశాను. రెండో సగంలో బంతి తీసుకుని గోల్ వైపు దూసుకెళ్తుంటే అడ్డంగా నా స్నేహితుడు ఒక్కడే ఉన్నాడు. బంతిని కుడివైపు చూపించాను. ఎడమకు లాగాను. ఆగాను.

వాడు పడలేదు. వంగి, తాపీగా నా స్టిక్ ముందు నుంచి బంతి తీసుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ అదే జరిగింది. వేరే డిఫెండర్ ఎదురొచ్చినప్పుడూ అదే. ఆగకురా అని లోపల నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను, చేతులు మాత్రం నా మాట వినలేదు.

ఆట అయ్యాక, మొదటి సగంలో నన్ను చూపించిన సెలెక్టరే పిలిచాడు. ఆయనకు కోపమేమీ లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"బంతి నీ దగ్గరనే ఉన్నది. ముందట గోల్ ఉన్నది. ఎవరి కోసం ఆగినవ్?"



నా స్నేహితుణ్ని తీసుకున్నారు. సిటీ బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. యూసుఫ్‌గూడ దగ్గర పడ్డాక వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"త్రీకి ఆగుతవని నాకెరుక. అట్లని గాడ గూడ పడాల్నారా?"

వాడి తప్పేమీ లేదు. వాడికీ అదే ఆఖరి ఏడాది. వాడి చోట నేనున్నా బంతి తీసుకునేవాణ్నే. అయినా ఆ మాటకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నా స్టాపు రాకముందే దిగిపోయాను.

వాడికి ఉద్యోగం ఆర్డర్ వచ్చిన రోజు మిఠాయి పొట్లం పట్టుకుని మా గదికొచ్చాడు. అమ్మ మిషన్ ఆపి, వాడికి అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది. వాడు సగం తిన్నాక మెల్లగా అడిగింది.

"నీకిప్పుడు ఆడ అందరు ఎరుకైన్రు గద బిడ్డా. మావోనికి వచ్చేసారికన్న అయితదా?"

వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుందని అమ్మకు తెలియదు, వాడికి తెలుసు. వాడు నా వైపు చూశాడు, నేను తల దించుకున్నాను.

"అయితది చిన్నమ్మా. జర ప్రాక్టీస్ ఇడువొద్దను," అన్నాడు వాడు.

అప్పటిదాకా, ఏ సెలెక్టరో మనసు మార్చుకుని కబురు పంపకపోతాడా అని ఏ మూలో ఒక పిచ్చి ఆశ ఉండేది. నా ఆట బాగాలేకపోతే మొహం మీదే అనేసే మనిషి వాడు. అలాంటివాడు మా అమ్మ ముందు మొహమాటపడ్డాడు. ఇక నా పని అయిపోయిందని అప్పుడు తెలిసింది.

అమ్మ మాత్రం వాడి మాట నమ్మింది. మర్నాటి నుంచి పొద్దున్నే ఒక గుడ్డు ఉడకబెట్టి, నన్ను లేపి, నేను తినేదాకా పక్కనే నిలబడేది. ఆ ఏడాదంతా ఆ గుడ్డు తిని, స్టిక్ భుజాన వేసుకుని గది నుంచి బయటపడేవాణ్ని. ఆ మొరం నేల మీదికి వెళ్లి ఇక చేసేదేమీ లేక టీ కొట్టు వెనక కూర్చుని, ఎండ ముదిరి చొక్కా చెమటకు తడిశాక ఇంటికి వచ్చేవాణ్ని. అమ్మ మిషన్ మీద నుంచి తలెత్తకుండానే ఆట ఎట్లుందని అడిగేది. మంచిగుందనేవాణ్ని.