జీడితోట మీద పడవలో

మా కుళాయి నీళ్లు కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టడం మొదలెట్టాక, మా ఆవిడ పసిదాని పాలల్లో ఆ నీళ్లు కలపడం మానేసింది. మాకు నీళ్లొచ్చే జలాశయం గట్టు ఎత్తు పెంచి అప్పటికి రెండేళ్లు. నీళ్లు ఎక్కువైతే మంచిదేగా అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఫ్యాక్టరీ ల్యాబులో నీటి పరీక్షలు నా పనే కాబట్టి, ఒక డిసెంబరు ఆదివారం స్వయంగా చూసొద్దామని బయల్దేరాను.

కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఐదున్నర బస్సెక్కితే, పన్నెండు రూపాయల టికెట్టుతో ఏడుకల్లా కొండల కింద దిగొచ్చు. అక్కణ్నుంచి గట్టుకి అరగంట నడక. అక్కడ చేపలు పట్టుకునే అప్పలస్వామి తన పడవ ఎక్కించుకున్నాడు. మంచులో అవతలి ఒడ్డు కనబడలేదు. ఒక్క పిట్ట అరుపూ లేదు. కొంతదూరం పోయాక తెడ్డు దేనికో తగులుకుంది. అతను వంగి లాగితే నల్లటి కొమ్మ వచ్చింది, కుళ్లిన ఆకులతో సహా.

"ఇది మా జీడితోట బావ. ఇప్పుడు సెట్ల మీద ఉన్నాం."

చెట్లు కొట్టుకోడానికి అధికారులు గడువిస్తామన్నారట. ఈలోగా ఒక్క వారం వానకే తోట మునిగిపోయింది. మొదటి ఏడు నీళ్లు బాగానే ఉన్నాయనీ, మరుసటి వేసవికి పచ్చటి నాచు కట్టిందనీ, ఇప్పుడు చలికి అడుగునీళ్లు పైకొస్తున్నాయనీ చెప్పాడు. అంతలో పడవ చుట్టూ చేపలు, లెక్కలేనన్ని, మూతులు పైకెత్తి గాలి మింగుతున్నాయి. అప్పలస్వామి వల ముట్టుకోలేదు.

సీసాకి రాయి కట్టి అడుగుకి దింపి, బిరడాకి కట్టిన దారం లాగాను. పైకి తీసినప్పుడు నీళ్లు తేటగానే ఉన్నాయి. ఒడ్డు చేరేలోపు నా చేతిలోనే తుప్పురంగు తిరిగాయి. మునిగిన ఆకు కుళ్లి నీళ్లలోని ప్రాణవాయువుని లాగేస్తే, అడుగుమట్టిలోని ఇనుము కరిగి, గాలి తగలగానే ఇలా బయటపడుతుందని నాకు తెలుసు. తెలిసినా సీసా ఒళ్లో పెట్టుకోలేకపోయాను.

ఆ సీసాతో నీటి సరఫరా ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను. చివరికి ఒక ఇంజనీరు విని, మాకు నీళ్లొదిలే అడుగు తూము మూయించి పైతూము తెరిపించాడు. నెలకి వాసన తగ్గింది. మా ఆవిడ ఇప్పటికీ వాసన చూశాకే బిందె నింపుతుంది.

గట్టు ఎంత పెంచారో అందరం చెప్పుకున్నాం, కింద ఏం మునిగిందో ఎవరం అడగలేదు. మీరు వెళ్తే తాగే నీళ్లు కొండవాలు ఊట దగ్గరే నింపుకోండి, ఊరివాళ్లూ అక్కడే పట్టుకుంటారు. ఆ రోజు పడవ దిగుతూ, ఇదెప్పటికి బాగుపడుతుందని అప్పలస్వామిని అడిగాను.

"ఇప్పటికి ఆకులే కుళ్లినాయి బావ," అన్నాడు. "మానులింకా అలాగే ఉన్నాయి."