చూస్తానన్న మనిషి

హిందూపురం బజారులో సుబ్బరాయుడు శెట్టి కిరాణా కొట్టుకు ఒక నియమం ఉంది. అడిగిన సరుకు ఉన్నా లేకపోయినా 'లేదు' అనకూడదు. "రేపొస్తాది, ఒకసారి వచ్చి చూడప్పా" అనాలి. ఆ మాట వింటూ పెరిగినవాడే ఆయన కొడుకు దుర్గాప్రసాద్, నా చిన్ననాటి స్నేహితుడు. మా గాజుల కొట్టు ఎదురుగానే ఉండబట్టి వాడి తిప్పలన్నీ నా కళ్ళముందే జరిగాయి.

ఉద్యోగం చేసే రోజుల్లో వాడు 'పడుగు' అని ఒకటి తయారుచేశాడు. వెబ్‌సైటు కట్టేవాళ్ళు ప్రతిసారీ పునాది నుంచి మొదలుపెట్టకుండా, సిద్ధంగా దొరికే చట్రమన్నమాట. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచేసి పంపొచ్చు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వాడటం మొదలుపెట్టారు. వాడుకున్నవాళ్ళు ఊరుకుంటారా? అది కావాలి, ఇది చెయ్యి అని వెంటపడ్డారు. మావాడు శెట్టి కొడుకు కదా, అందరికీ ఒకటే జవాబు: "చూస్తాను."

చూడటానికి మనిషొక్కడే. నాయనకు మోకాళ్ళు పట్టేసి కొట్టు భారం తన మీద పడ్డాక, తక్కెడ పక్కనే కంప్యూటర్ పెట్టుకున్నాడు. కందిపప్పు పొట్లం కడుతూనే ఒక కన్ను తెర మీద. చూస్తానన్నవన్నీ పేరుకుపోయాయి. ఆలస్యమైందని తిట్టేవాళ్ళు తిట్టారు. వాడి ముఖం పీక్కుపోయింది, పలకరిస్తే విసుక్కునేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఉచితంగా ఇచ్చి తిట్లు తినడం ఏం వ్యాపారమో!

మొన్న పడుగు వాడేవాళ్ళు కొందరు ధర్మవరంలో కలుసుకుంటుంటే నన్నూ లాక్కుపోయాడు. రైల్లో అన్నాడు: "ఈ పొద్దు చెప్పేస్తాండా. పడుగు మూసేస్తా. ఇంక నాతో కాదప్పా." పీడ వదిలిందనుకున్నాను. కానీ వాడి కళ్ళలో నీళ్ళు చూసి ఆ మాట అనలేకపోయాను.

సభంటే ఒక చీరల కొట్టు మేడ మీద చాపలు, టీ గ్లాసులు. వీడు లేచేలోపే ప్రత్యూష లేచింది. నేతవాళ్ళ చీరలు అమ్మే వెబ్‌సైటు నడిపేది ఆ అమ్మాయే.

"అన్నా, తెలుగులో పేరు కొడితే చీర దొరికేటట్ల చేయమని అడిగింటిమి. చూస్తానంటిరి. ఏమాయ?"

వీడు అలవాటు చొప్పున నోట్లోకి వచ్చిన మాటను మింగేశాడు. "చేయలేనమ్మా. నాకు తీరిక లేదు. ఇంక దొరకదు గూడా."

వాడి నోట 'లేదు' వినడం నాకదే మొదలు. గొడవ తప్పదనుకుని తల దించుకున్నాను.

ప్రత్యూష కోపగించుకోలేదు. తన కంప్యూటర్ తెరిచి వాడి ముందుకు జరిపింది. "అట్లయితే ఇది చూడండన్నా. పోయినేడే నేనే కోడు రాసి పెట్టినా. మీరు చూస్తానంటిరి కదా, నడమ నేను దూరితే బాగుండదని పంపల్యా."

వెనక నుంచి ఎవరో, "నాది గూడా ఒకటి ఉండాదన్నా" అన్నారు. ఆ పక్కనే ఇంకొకరు మొహమాటంగా చెయ్యెత్తారు.

మూసేస్తానన్న మాట వాడు ఎత్తనేలేదు. తిరుగు రైల్లో పెనుకొండ దాటేదాకా ఒడిలో కంప్యూటర్ పెట్టుకుని, అడిగినవాళ్ళకు వరసగా రాస్తూ కూర్చున్నాడు: 'ఇది నేను చేయలేను. ఎవరైనా రాసి ఉంటే పంపండి.'

"ఏమబ్బా, మూసేస్తానంటివి?" అన్నాను.

"తలుపు నేనెప్పుడు తెరిచినానప్పా?" అన్నాడు. "ఇన్నేండ్లూ గడపలో అడ్డం కూచున్నేది నేనే."

కంప్యూటర్ మూసి నా భుజం మీద తల వాల్చాడు. హిందూపురం వచ్చేదాకా నేను కదల్లేదు.