వాక్యూమ్ క్లీనరూ, మా మావగారి ఆలోచనా

ఇంటికొచ్చిన సేల్స్‌మన్‌ని మా మావగారు వద్దని పంపలేరు. అలాగని ఏమీ కొనరు కూడా. ఈ రెండు ముక్కల మధ్యా పడి నలిగిపోయినవి మా హాలు, హాల్లో పరిచిన తివాచీ, ఆ తర్వాత నేను.

పుస్తకాల సెట్లవాళ్ళూ, నీళ్ళ ఫిల్టర్లవాళ్ళూ వచ్చినప్పుడు ఆ బాధ కాసేపట్లో తీరిపోయేది. ఆ వాక్యూమ్ క్లీనర్ కంపెనీ మా బజారు చివర ఆఫీసు తెరిచాకే మా ఇంటికి అసలు శని పట్టింది. అది మామూలు మిషన్ కాదు. దాని ధర వినాలంటే ముందు కూర్చోవాలి, విన్నాక మంచినీళ్ళు తాగాలి. ఆ డబ్బుకి ఓ మోస్తరు పాత స్కూటర్ వస్తుంది. "స్కూటరైతే కూరలకైనా వెళ్ళి రావచ్చు. దీని మీద ఎక్కడికి వెళ్తాం?" అనేవారు మా అత్తగారు.

మావగారు కరెంటు ఆఫీసులో మీటర్ రీడర్‌గా చేసి రిటైరయ్యారు. అందుకని ఏ మిషన్ కనబడ్డా వెనక్కి తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దాని వీపున రాసిందంతా చదివి, "గంటకి ఎన్ని యూనిట్లు కాలుస్తుందయ్యా?" అని అడుగుతారు. జవాబు ఏదైనా సరే, "ఊఁ... చూద్దాం. పూర్తిగా చూపించు. ఏ భాగమూ వదలొద్దు" అంటారు. అంతే, ఆ పూట మా హాలు మాది కాదు.

మొదట వచ్చినాయన బాగా పొడుగు. మెడలో టై, చేతిలో శవపేటికంత పెట్టె. మిషన్ బిగించి, అత్తగారి గదిలో పరుపు మీద ఆడించి, అది పీల్చిన దుమ్మంతా గుండ్రటి తెల్లగుడ్డ మీద పట్టి, అత్తగారి ముక్కు ముందు పెట్టాడు.

"చూడండి మేడమ్. మీరు రోజూ దీన్లో పడుకుంటున్నారు."

"దీన్లో కాదు బాబూ, దీని మీద," అన్నారు అత్తగారు, ముఖం కందగడ్డలా చేసుకుని.

"ఇంకో గుడ్డ వేసి చూపించు," అన్నారు మావగారు ఉత్సాహంగా.

పొడుగాయన ఇంకో గుడ్డ వేశాడు. తర్వాత ఇంకోటి. కర్టెన్ల దుమ్ము ఒక గుడ్డ మీద, సోఫా దుమ్ము ఒక గుడ్డ మీద, ఫ్యాను రెక్కల దుమ్ము మరో గుడ్డ మీద. మా ఇంటి పరువంతా అలా హాల్లో వరసగా పరిచి ఉండగా ఎదురింటావిడ పంచదార బదులడగడానికి వచ్చింది. అత్తగారు ఆవిడకి పంచదార ఇచ్చారు గానీ, ఆ సాయంత్రం మావగారికి కాఫీ ఇవ్వలేదు.

ఆ కంపెనీవాళ్ళకి ఇంకో టక్కు ఉంది. తివాచీ మధ్యలో ఒక జానెడు మేర తళతళలాడేలా శుభ్రం చేసి, "మిగతాది మిషన్ కొన్నాక మీరే చేసుకోవచ్చు సార్" అని ఆపేస్తారు. మామూలు మనుషులైతే ఆ తేడా భరించలేక కొనేస్తారట. మావగారు మామూలు మనిషా? "భలేగా ఉంది. ఆలోచించి చెబుతాను. ఇంకోసారి చూడాలి" అన్నారు. అప్పుడు పొడుగాయన తన సూపర్‌వైజర్‌కి ఫోన్ కలిపి ఇచ్చాడు. మావగారు ఫోన్లో, "ఆఁ, అంతా చూశానండీ. పరుపు, సోఫా, తివాచీ, అన్నీ. కుర్రాడు బాగా చెప్పాడు," అని సాక్ష్యం చెప్పి, గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చారు.

అక్కడినుంచి మొదలైంది. పొడుగాయన వెళ్తే పొట్టాయన, పొట్టాయన వెళ్తే గొంతు బొంగురుపోయిన ఆయన. ఒకాయన తివాచీలో ఈ మూల శుభ్రం చేస్తే, మరొకాయన ఆ అంచు. కొన్నాళ్ళకి మా తివాచీ అతుకుల బొంతలా తయారైంది. మా ఆఫీసు స్నేహితురాలు భోజనానికొచ్చి, "ఈ డిజైన్ ఎంత బావుందే! ఎక్కడ కొన్నారు?" అంది.

ఇంట్లో ఉన్న దుమ్ము అయిపోయాక మావగారు కొత్త దుమ్ము సంపాదించడం మొదలుపెట్టారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సోఫా మీద గోధుమపిండి, తివాచీ మీద పెన్సిల్ చెక్కిన పొట్టు. ఒకరోజు బల్ల మీద కాగితం పొట్లం కనబడితే ఏ బఠాణీలో అనుకుని విప్పాను. దాన్నిండా జుట్టు.

"మావయ్యగారూ! ఇదేంటి?"

"కటింగ్ షాపు నుంచి తెచ్చానమ్మా. రకరకాల జుట్టు ఉంది. మిషన్ నల్లది లాగి తెల్లది వదిలేస్తోందేమో చూడాలి కదా."

"ఎవరి జుట్టో మన తివాచీ మీద పోస్తారా?"

"మన జుట్టయితే మొహమాటపడి లాగుతుందమ్మా. పరాయివాళ్ళదైతేనే అసలు సంగతి తెలుస్తుంది."

ఇంకోసారి ఆ మిషన్ అత్తగారి చెవిదుద్దు మింగేసింది. సంచీ విప్పి, పాత పేపరు మీద దుమ్ము గుమ్మరించి, అందరం ముక్కులు మూసుకుని వెతికితే దుద్దుతో పాటు ఎప్పుడో పోయిన నా హెయిర్ క్లిప్పూ దొరికింది. "చూశారా దీని గొప్ప!" అన్నాడు బొంగురు గొంతాయన. "మింగిందీ మీరే, కక్కించిందీ మీరే. గొప్పేముంది నాయనా?" అన్నారు అత్తగారు.

ఆవిడ అంతటితో ఊరుకునే రకం కాదు. డెమో జరిగినంతసేపూ వంటింటి గుమ్మంలో నిలబడి సాధిస్తూనే ఉంటారు. "ఏవండీ, ఆ డబ్బుతో ఇంటికి రంగులేయించుకోవచ్చు. దాన్ని కొంటే అది ఇల్లు తుడవదు, మనమే రోజూ దాన్ని తుడుచుకుంటూ కూర్చోవాలి. వద్దంటే వద్దు!" మావగారు సేల్స్‌మన్ వైపు తిరిగి చెయ్యి చూపిస్తారు. "వింటున్నావుగా? ఈవిడని ఒప్పించాలి. ఇంకా గట్టిగా చెప్పు."

నేను ఊరుకోలేక 'సేల్స్‌మెన్ లోపలికి రారాదు' అని బోర్డు రాయించి గేటుకి తగిలించాను. ఆ రోజే సాయంత్రం పొట్టాయన వచ్చి బోర్డు చూసి ఆగిపోయాడు. మావగారు వరండాలోంచి పరిగెత్తుకెళ్ళి, "రావయ్యా రా! అది పక్కింటివాళ్ళది. గాలికి ఇటు వచ్చింది," అన్నారు. మేకులు కొట్టిన బోర్డు!

చివరికి నా పోరు పడలేక మా ఆయన, "నాన్నా, ఈ గొడవ భరించలేం. అప్పో సప్పో చేసి ఒకటి కొనిపడేస్తాను. పీడా వదులుతుంది," అన్నారు.

మావగారు అదిరిపడ్డారు. "కొంటావా? ఆ ధర పెట్టా? మతి పోయిందా నీకు? ఆ మోటారు ఖరీదెంత, వాళ్ళు చెప్పే ఖరీదెంత! అది అంత చెయ్యదని మొదటి రోజే తేల్చేశాను."

"మరి ఇన్నాళ్ళూ ఏం ఆలోచిస్తున్నట్టు?"

మావగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొననని మొదటి రోజే తేల్చుకుని, పాపం ఆ వచ్చేవాళ్ళని ఆశపెట్టి, నా హాలుని పిండిమిల్లు చేయడమేమిటి? ఇక వాళ్ళకి నేనే నిజం చెప్పేయాలని నిర్ణయించుకున్నాను.

అవకాశం తొందరగానే వచ్చింది. ఆ రోజు నాకు సెలవు. మావగారు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. అప్పుడే హాలు సర్ది నడుం వాల్చబోతుంటే బెల్ మోగింది. తలుపు తీస్తే తనకంటే పెద్ద పెట్టె పట్టుకుని ఒక అమ్మాయి. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"చూడమ్మా," అన్నాను, గుమ్మంలోనే. "నీ టైము పాడు చేసుకోకు. మా మావగారు కొనరు. ఇవాళే కాదు, ఎప్పటికీ కొనరు."

"తెలుసక్కా," అంది.

"ఏం తెలుసు?"

"కొనరని. మా ఆఫీసులో అందరికీ తెలుసు."

నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. "తెలిసీ ఎందుకు వస్తున్నారు?"

"అమ్మితే కమిషన్ వస్తుందక్కా. కానీ ఎవరు కొంటారు ఇంత ధర? అమ్మకపోయినా ఎవరికైనా మొత్తం డెమో చూపించి, సూపర్‌వైజర్‌తో ఫోన్లో మాట్లాడిస్తే ఆ రోజు కూలి ఇస్తారు. తలుపే తీయరక్కా ఎవరూ. తీసినా సగంలో పంపేస్తారు. పొద్దుట్నుంచి తిరిగీ తిరిగీ ఎక్కడా దొరకనివాళ్ళు చివరికి ఇక్కడికి వస్తారు. మీ మావగారు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, మొత్తం చూసి, ఫోన్లో మా గురించి మంచిగా చెప్తారు." గొంతు తగ్గించింది. "ఈ మాట ఆయనతో అనకండక్కా. తను నిజంగా కొనే మనిషని మేం నమ్ముతున్నామని ఆయన అనుకుంటున్నారు. ఆయన బేరమాడితే మేం తగ్గిస్తాం. ఆలోచిస్తానంటే ముఖం చిన్నబుచ్చుకుంటాం. ఆయన మనసు నొప్పించకూడదని మాలో మేం అనుకున్నాం."

"ఒక్కటి నిజం చెప్పు. ఆ మిషన్ ఆ ధర చేస్తుందా?"

ఆ అమ్మాయి వీధిలో ఇటూ అటూ చూసింది. "మా ఇంట్లో చీపురే అక్కా."

పక్కకి తప్పుకుని దారి ఇచ్చాను. ఆమె పెట్టె ఇంకా విప్పకుండానే మావగారు డాక్టరు దగ్గర్నుంచి వచ్చేశారు. కళ్ళలో మందు వేసినట్టున్నారు, అంతా మసకే. అయినా పెట్టెని తడిమి చూసి, "గంటకి ఎన్ని యూనిట్లు?" అని మొదలెట్టారు. ఆయన్ని వంటింట్లోకి పిలిచాను.

"మావయ్యగారూ, వీళ్ళకి డెమో చూపిస్తే కూలి వస్తుందని మీకు తెలుసా?"

ఆయన గతుక్కుమన్నారు. "నీకెవరు చెప్పారు? ఆ పొడుగాయన మొదటి రోజే మాటల్లో నోరు జారాడు. నేను విననట్టే ఊరుకున్నాను." గిన్నెల స్టాండు వైపు చూస్తూ నెమ్మదిగా అన్నారు. "నేనూ జీవితమంతా తలుపులు కొట్టినవాణ్ణేనమ్మా. మీటర్ రీడర్‌కి తలుపు తీయకపోతే కరెంటు పోతుందని భయం, అందుకని తీసేవారు. అయినా ఆ ముఖాలు చూడాలి నువ్వు! ఇక వీళ్ళకి ఎవరు తీస్తారు?"

"మరి ఆ పిండీ, ఆ జుట్టూ ఎందుకండీ?"

"ఊరికే కూర్చుని తలూపితే జాలిపడుతున్నాడని కనిపెట్టేయరూ? చిన్నబుచ్చుకుంటారు. గట్టి గిరాకీలా కనబడాలి. ఈ సంగతి వాళ్ళతో మాత్రం అనకు తల్లీ."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇటు ఈయన రహస్యం, అటు కంపెనీ మొత్తం రహస్యం. రెండూ నా నెత్తిన పెట్టుకుని హాల్లోకి వచ్చి కూర్చున్నాను. మావగారు పట్టుబట్టి బేరమాడారు. ఆ అమ్మాయి కంటతడి ఒక్కటే తక్కువగా బతిమాలింది. ఇద్దరూ ఎంత బాగా చేస్తున్నారంటే, మధ్యలో ఒకసారి నేనే కంగారుపడ్డాను, నిజంగా కొనేస్తారేమోనని. గుమ్మంలోంచి అత్తగారు తన వంతుగా దులిపేశారు.

ఆ అమ్మాయి ఫోన్ మాట్లాడించుకుని వెళ్ళాక, అత్తగారొక్కరే వంటింట్లో ఉండగా ఉండబట్టలేక అన్నాను. "అత్తయ్యగారూ, వీళ్ళ సంగతి తెలిస్తే మీరిలా తిట్టరు. అసలు మావయ్యగారు..."

"తెలుసులేవే," అన్నారు ఆవిడ, గ్లాసు కడుగుతూ. "ఆయనకి నటించడం ఎక్కడ వచ్చు? ఇంట్లో ఒకరైనా వద్దని అరవకపోతే ఆ బేరం నిజమని ఎవరు నమ్ముతారు? అందుకని ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను."

అంటే ఇన్నాళ్ళూ ఆ హాల్లో నిజంగా విసుక్కున్నది నేనొక్కదాన్నేనా?

అత్తగారు చెయ్యి తుడుచుకుని నా బుగ్గ మీద తట్టారు. "అయినా మా ఇద్దరిదీ ఏముందిలే. నీదే అందరికంటే సహజంగా ఉంటుందమ్మాయ్. ఎక్కడ నేర్చుకున్నావే?"