రిజల్టు కోసం ఆగిన మందు

ఆ రోజు పొద్దున్న మా పిన్ని సత్యవతి వంటింట్లో కొబ్బరి కోరుతోంది. సెలవు మీద రాజోలు దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళిన నేను ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతున్నాను. మాట మధ్యలో చిప్ప ఆవిడ చేతిలోంచి జారింది. తీయబోతే మళ్ళీ జారింది. "చెయ్యి తిమ్మిరెక్కిందే" అంది. ఆ మాట ముద్దగా వచ్చింది. చూస్తే మూతి ఒక పక్కకి లాగేసి ఉంది.

స్ట్రోక్ అని నాకు వెంటనే తెలిసింది. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో సైంటిస్టుని నేను. రక్తపోటు, స్థూలకాయం కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఎందుకొస్తాయో, ఏ జీన్లు కారణమో వెతకడం నా పని. మా అమ్మవైపు వాళ్ళందరికీ భారీ శరీరాలు, బి.పి. అందుకే అంతకు ముందు ఏడాది కోనసీమలో కొన్ని కుటుంబాలతో పాటు మా వాళ్ళ రక్తమూ తీసుకున్నాను.

కారు మాట్లాడుకుని అమలాపురం తీసుకెళ్ళాం. డాక్టరుగారు బి.పి. చూసి, "ఇంత ఉంటే ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగారు.

"ఇంకా మొదలెట్టలేదండి" అన్నారు బాబాయిగారు. "బి.పి. ఉందని మా అమ్మాయే చెప్పిందండి, పోయినేడు. రక్తం పట్టుకెళ్ళింది కదండీ. రిజల్టు వచ్చేక తగిన మందు తనే పంపుతుందని చూస్తున్నామండి."

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "ఏం రిజల్టమ్మా?"

"అది పరిశోధన కోసం తీసిన రక్తమండీ" అన్నాను. రక్తం తీసిన ఆ సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. వందల మంది రక్తాన్ని పరీక్షించి పోల్చి చూస్తే గాని ఏదీ తేలదు. ఒక్కొక్కరికీ విడిగా రిజల్టంటూ రాదు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించుకునేటప్పుడు అదంతా గబగబా చదివి వినిపించాను. "బి.పి. ఎక్కువుంది, డాక్టరుకి చూపించుకో పిన్నీ" అని కూడా అన్నాను. "ఆయ్, నువ్వున్నావు కదే" అంది పిన్ని. నవ్వేసి పక్కింటికి వెళ్ళిపోయాను.

ఆ ఏడే నాకూ బి.పి. బయటపడింది. నేను మాత్రం దేనికోసమూ ఆగలేదు. మర్నాటి నుంచే టాబ్లెట్ వేసుకున్నాను.

అమలాపురం నుంచి కాకినాడ పంపారు. అక్కడ సి.టి. స్కాన్ తీశారు. "మెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణభయం లేదు గానీ కుడి చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పలేం" అన్నారు. ఫిజియోథెరపీ మొదలై, కాస్త నిలబడుతోంది అనుకునేసరికి న్యుమోనియా వచ్చి ఐ.సి.యు.లో పెట్టారు. బాబాయిగారు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బావుండేదనిపించేది.

పిన్నికి మాట కొంచెం తిరిగాక నేనే చెప్పాను. "పిన్నీ, ఆ రక్తానికి రిజల్టు రాదు. నీకు అర్థమయ్యేలా చెప్పలేదు నేను."

"మరెందుకు... పట్టుకెళ్ళేవే?"

"ముందు ముందు పుట్టేవాళ్ళకి పనికొస్తుందని."

"వాళ్ళకి... మంచిదే. నాకు చెప్పాల్సింది."

పిన్ని ఇల్లు చేరాక, నేను రక్తం తీసుకున్న ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళాను. "ఆ రక్తం మీ మందు కోసం కాదండీ" అని తేట తెలుగులో చెప్పాను. ఇంకో ఇంట్లో ఒక పెద్దాయన కూడా అలాగే మందు కోసం ఎదురుచూస్తున్నారు. ఆయనను దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్ళి మందు మొదలుపెట్టించాను.

ఇప్పుడు పిన్ని కాలీడుస్తూ వరండాలో నడుస్తోంది. కుడి చేతి వేళ్ళు ముడుచుకోవు. రోజూ జడ బాబాయిగారే వేస్తారు, టిఫిను కాగానే టాబ్లెట్ ఆయనే ఇస్తారు. బి.పి. అదుపులో ఉంది. నా పరిశోధన సాగుతూనే ఉంది. దాని గురించి ఎవరైనా మెచ్చుకుంటే ఎటు చూడాలో తెలియదు.

బి.పి. ఎక్కువుందని ఎవరు చెప్పినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పరిశోధనకి రక్తం అడిగితే ఇవ్వండి. ఇచ్చే ముందు మాత్రం "దీంట్లోంచి నాకేం తెలుస్తుంది?" అని అడగండి. ఏమీ తెలియకపోతే ఆ మాట వాళ్ళ నోటితోనే చెప్పించండి. మొహమాటపడి ఊరుకోకండి, వాళ్ళు మీ ఇంటి పిల్లలైనా సరే.