ఎరుపు కుడి సొరుగులో

మా ఆయన దర్జీ. దర్జీ అంటే మామూలు దర్జీ కాదు, ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని దర్జీ. ఇంతటి ఘనత ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలియదు. ఉంటే వాళ్ళావిడకు నా సానుభూతి.

ఈ సంగతి నాకు పెళ్ళయిన కొత్తలోనే బయటపడింది. ముచ్చటపడి నాకో ఎర్రకోటు కుట్టిపెట్టారు. గుండీలన్నిటికీ ఆకుపచ్చ దారం. అదేదో కొత్త ఫ్యాషన్ కాబోలనుకుని చలికాలమంతా ఆ కోటు తొడుక్కుని దర్జాగా తిరిగాను. తరువాత ఒకరోజు కాజాలు కుడుతూ, "ఎర్రదారం కాస్త ఇలా అందివ్వండి" అన్నాను. ఆయన సొరుగంతా వెతికి, ఎంతో నమ్మకంగా ఆకుపచ్చ రీలు తీసి నా చేతిలో పెట్టారు. నేను రీలు వైపు చూశాను, ఆయన వైపు చూశాను. "ఏం, కాదా?" అన్నారు చిన్నగా. నవ్వొచ్చిన మాట నిజం. ఆ వెంటనే భయం వేసిన మాట కూడా నిజమే. రంగులు తెలియని దర్జీ దగ్గరికి బట్ట పట్టుకుని ఎవరొస్తారు? పెళ్ళికి ముందు ఎలా నెట్టుకొచ్చారని అడిగితే, "అప్పుడు తెల్లచొక్కాలే ఒప్పుకునేవాణ్ణి" అన్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే చట్టం. ఎరుపు కుడి సొరుగులో, ఆకుపచ్చ ఎడమ సొరుగులో. మా ఇంటి ముందుగదే కొట్టు. బట్ట ఒప్పుకునేది నేను, దారం ఎంచేది నేను, గుండీలు కొనేది నేను. కత్తిరించడం, కుట్టడం ఆయన వంతు. మొగుణ్ణి కుట్టనిస్తుంది గానీ నోరు విప్పనివ్వదని వీధిలో నాకు మంచి పేరు వచ్చింది. రానీ, పనులు ఆగలేదు కదా అని ఊరుకున్నాను.

ఇలాంటి మనిషికి పిచ్చి దేనిమీద ఉండాలి? ఫుట్‌బాల్ మీద. ఊళ్ళో ఉన్న జట్లు ఎన్ని? రెండు. వాటి చొక్కాల రంగులేమిటి? ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ! దేవుడికి కూడా మా ఆయనతో వేళాకోళమే. చిన్నప్పుడు మా మామగారు వేలు పట్టుకుని తీసుకువెళ్ళి ఎర్రజట్టును చూపించారట, అంతే, అప్పటి నుంచి ప్రాణమంతా దానిమీదే. ఆ ప్రాణప్రదమైన ఎరుపు ఆయన కంటికి బురద రంగు. పచ్చజట్టూ బురద రంగే. వాళ్ళు ఆడే పచ్చికా అంతే.

మరి మ్యాచ్ ఎలా చూస్తారంటే, మా తమ్ముడి నోటితో.

మా తమ్ముడు బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. పచ్చజట్టు భక్తుడు. పచ్చజట్టు ఓడిన మర్నాడు ఆ బేకరీలో రొట్టెలు మాడతాయి. ఫుట్‌బాల్ దగ్గరికొస్తే ఈ బావా బావమరుదులిద్దరూ ఉప్పూ నిప్పూ. అయినా స్టేడియంలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవాలి. వాడు చెవిలో జోరీగలాగా చెబుతూనే ఉంటాడు. "ఇప్పుడు మీవాళ్ళ దగ్గరుంది బావా. పోయింది, మావాడు లాగేశాడు. మళ్ళీ మీకొచ్చింది, మీ చేతగానివాడు అవుటు కొట్టాడు చూడు." వాడు చెప్పేదాంట్లో సగం తిట్లే. ఒకసారైతే, గోలు పక్కనుంచి దూసుకుపోయిన పచ్చజట్టు షాటును మీవాళ్ళదేనని చెప్పి, మా ఆయన చేత లేచి ఈలలు వేయించాడు. ఆ వారమంతా మా ఆయన వాడితో మాట్లాడలేదు. తరువాతి మ్యాచ్‌కు మళ్ళీ వాడి పక్కనే. దారి పొడుగునా పోట్లాడుకుంటూ వచ్చి, మా ఇంట్లో అన్నం తిని, చేతులు కడుక్కుంటూ కూడా పోట్లాడుకునేవాళ్ళు. నాకు తలప్రాణం తోకకు వచ్చేది. కానీ ఆ రోజుల్లో మా ఆయన ముఖం చూడాలి, కొత్త బట్ట విప్పినప్పటికంటే కళకళలాడుతూ ఉండేది.

ఇది చూసి కళ్ళు కుట్టాయేమో, ఫుట్‌బాల్ కమిటీవారు రంగంలోకి దిగారు.

ఏదో మ్యాచ్‌లో ఎవరో ఇద్దరు ప్రబుద్ధులు కాలర్లు పట్టుకున్నారట. దానికి కమిటీ పెద్దలు తలలన్నీ ఒకచోట పెట్టి ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చారు. ఇకమీదట ఎర్రవాళ్ళు ఒక పక్క, పచ్చవాళ్ళు మరో పక్క. మధ్యలో రెండు స్టాండ్లు ఖాళీ. ఖాళీ అంటే ఊరికే ఖాళీ కాదు, కుర్చీల మీద వల పరిచి, చుట్టూ తాడు కట్టి, సెక్యూరిటీ వాళ్ళను నిలబెట్టారు. మనుషులు కూర్చునే చోట ఒక్కడు, మనుషులు లేని చోట పదిమంది. ఆ కుర్చీలను ఎవరైనా ఎత్తుకుపోతారని కాబోలు.

అసలు ఆ స్టేడియం ఎప్పుడూ సగమే నిండేది. ఇప్పుడు ఆ సగాన్నీ రెండు మూలలకు తోసేసరికి, బయట కౌంటరు దగ్గర "టికెట్లు అయిపోయాయి" అని బోర్డు, లోపల వరసలకు వరసలు ఎండకు ఎండుతున్న కుర్చీలు. పొద్దుటి నుంచి క్యూలో నిలబడ్డవాళ్ళు ఆ బోర్డు చూసి ఇంటికి వచ్చి, టీవీ పెట్టుకుని, తమకు దొరకని కుర్చీలను కళ్ళారా చూసుకునేవాళ్ళు. బేకరీలో అందరూ కమిటీని తిట్టేవాళ్ళే. "బయట బస్సులో పక్కపక్కనే వేలాడుతూ వస్తాంరా! లోపలికొచ్చాకే శత్రువులమా?" అని. టీవీ వాళ్ళు మాత్రం ఖాళీ కుర్చీలు వీలైనంత తక్కువ కనపడేలా కెమెరాను ఎంత ఒడుపుగా తిప్పేవాళ్ళో! చిరుగు కనపడకుండా చొక్కా మడిచే మా ఆయన కూడా వాళ్ళ ముందు బలాదూరే.

అందరి బాధ ఒక ఎత్తు, మా ఇంటి బాధ ఒక ఎత్తు. ఏ జట్టు అభిమాని కార్డు ఉంటే ఆ స్టాండు టికెట్టే ఇస్తారు. అంటే తమ్ముడు అటు, ఈయన ఇటు. పక్కన వాడు లేకపోతే ఆయనకు అది మ్యాచ్ కాదు, ఎవరో పరుగెత్తుతున్నారు, ఎందుకో తెలియదు.

"కమిటీకి వెళ్ళి ఉన్న సంగతి చెప్పండి. పక్కపక్కన కూర్చోనిస్తారు" అన్నాను.

"చెప్పొచ్చు. ఎల్లుండి నుంచి కొట్టు మూసుకుని ఇద్దరం మ్యాచ్‌లు చూద్దాం" అన్నారు, సూదిలో దారం ఎక్కిస్తూ.

పెద్ద మ్యాచ్ రోజు రానే వచ్చింది. చొక్కా నేనే తీసిచ్చాను, పొరపాటున ఇంకేదైనా తొడుక్కుంటే అదో రభస. తీరా అక్కడికెళ్ళి ఈయన ఏం వెలగబెట్టారంటే, నేరుగా కుడిచేతి గేటుకు నడిచారు. ఎరుపు కుడి సొరుగులో కదా! అది పచ్చవాళ్ళ గేటు. "అంత పెద్ద రంగు వేసి ఉంది, కళ్ళు కనిపించట్లేదా పెద్దాయనా?" అని సెక్యూరిటీ అతను కసిరితే, కిక్కురుమనకుండా స్టేడియం చుట్టూ తిరిగి ఎడమ గేటుకు వెళ్ళారట.

లోపల తన తెలివంతా ఉపయోగించారు. పక్కవాళ్ళు అరిస్తే తానూ అరవడం, వాళ్ళు తల పట్టుకుంటే తానూ పట్టుకోవడం. పైగా ఒక గుర్తు పెట్టుకున్నారు. ఎర్రజట్టులో నున్నటి బోడిగుండుతో ఒకడున్నాడు, వాణ్ణి పట్టుకుంటే చాలు, మిగతా ఆట అర్థమవుతుందని. పాపం, ఈ ఏడాది పచ్చజట్టులోనూ ఒకడు గుండు చేయించుకున్నాడు. ఆ కబురు చెప్పాల్సినవాడు అవతలి స్టాండులో ఉన్నాడు.

మైదానం మధ్యలో ఒక బోడిగుండు బంతి లాక్కుంది. మా ఆయన ఆగలేక లేచి, "శభాష్ రా బోడీ!" అని గొంతు చించుకున్నారు. స్టాండంతా ఆయన వైపు తిరిగింది, అది పచ్చబోడి మరి. ఆ బోడి బంతి అందించడం, ఇంకోడు కొట్టడం, ఎర్రజట్టు మీద గోలు పడటం, అన్నీ ఆ శభాష్ వెనకాలే జరిగిపోయాయి.

చుట్టూ ఉన్నవాళ్ళు మీదికొచ్చారు. "పచ్చవాడు మన చొక్కా వేసుకుని దూరాడు!" అని ఒకడు, "ఎవడు పంపాడు నిన్ను?" అని ఇంకొకడు. వాళ్ళలో సగం మంది తొడుక్కున్న ఎర్రచొక్కాలు మా మిషను మీద కుట్టినవే. ఒక్క మాట చెబితే చాలు, గండం గడిచేది. అయ్యా, నాకు రంగులు తెలియవు అనాలి. ఆ చొక్కాలను చూస్తూ ఎలా అంటారు?

సెక్యూరిటీ వాళ్ళకు పెద్ద చిక్కొచ్చింది. ఎర్రస్టాండు ఈయన్ను ఉండనివ్వదు. పచ్చస్టాండుకు టికెట్టు లేదు. బయటికి పంపుదామంటే మ్యాచ్ అయ్యేదాకా గేటు తీయకూడదని రూలు. చివరికి తాడు ఎత్తి, వల తొలగించి, ఖాళీ స్టాండులో సరిగ్గా నడిమధ్య కూర్చోబెట్టారు. కమిటీ అంత ఖర్చు పెట్టి కాపలా కాయించిన కుర్చీల్లో మొట్టమొదట కూర్చున్న ఘనుడు మా ఆయనే.

ఇదంతా తరువాత తెలిసింది. నేను కొట్లో గుండీలు కుడుతూ, తల ఎత్తి టీవీ చూస్తే, అన్ని కుర్చీల మధ్య ఒక్క మనిషి. ఆ వంగిన భుజాలు ఎవరివో నాకొకరు చెప్పాలా? సూది వేలికి గుచ్చుకుంది. బంతి ఎటు పోతే అటు తల తిప్పుతున్నారు. ఎవరిదో తెలియదు కదా, అందుకని ఎవరు బాగా ఆడినా చప్పట్లు కొట్టేస్తున్నారు. కామెంటరీ చెప్పే పెద్దమనిషికి గొంతు గద్గదమైంది. "రెండు జట్లనూ సమానంగా ప్రోత్సహిస్తున్న ఈ ప్రేక్షకుణ్ణి చూసి మనమంతా నేర్చుకోవాలి" అన్నాడు. నేర్చుకోండి నాయనా, నేర్చుకోండి అనుకుని కళ్ళు తుడుచుకున్నాను.

అవతలి స్టాండు నుంచి మా తమ్ముడూ అదే చూశాడు. "అంతమందిలో తప్పిపోయినా బాధ లేదక్కా. అంత ఖాళీలో ఒక్కడే కూర్చున్నాడు, చూడలేకపోయాను" అని తరువాత నాతో అన్నాడు.

రెండో సగంలో ఎర్రజట్టు గోలు కొట్టింది. పచ్చస్టాండు శోకంలో మునిగి ఉండగా ఒకడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఎర్రజట్టు పేరు పలికితే నోరు పుక్కిలించే మా తమ్ముడు! స్నేహితులే వాడి చొక్కా పట్టుకున్నారు. సెక్యూరిటీ వాళ్ళు పరుగెత్తుకొచ్చి, "ఏంటయ్యా నీ గొడవ?" అంటే, వాడు చుట్టూ అందరికీ వినపడేలా అరిచాడు.

"నాకు ఎరుపూ పచ్చా తేడా తెలియదండీ! పుట్టుకతోనే అంతే! నన్నేం చేస్తారో చేసుకోండి!"

మా ఆయన బతుకంతా గొంతులో దాచుకున్న మాట, ఆ మాటతో సంబంధమే లేనివాడు వేలమంది ముందు అరిచేశాడు. సెక్యూరిటీ వాళ్ళకు అప్పటికే దారి తెలుసు కాబట్టి, ఇంకో వల తొలగించారు. టీవీలో రెండో మనిషి ఖాళీ వరసలన్నీ దాటుకుంటూ వచ్చాడు. అన్ని కుర్చీలుండగా, సరిగ్గా మా ఆయన పక్క కుర్చీలోనే కూలబడ్డాడు.

మొదటి మాట ఏమన్నాడని అడిగితే మా ఆయన చెప్పారు. "బావా, ఈ ఏడు రెండు బోడిగుండ్లున్నాయి. పొట్టిబోడి మాది, పొడుగుబోడి మీది. గుర్తుపెట్టుకుని చావు."

మ్యాచ్ ఒకటీ ఒకటితో ముగిసింది. ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఇంటికొచ్చారు. ఎర్రజట్టుకు తమ్ముడు చప్పట్లు ఎన్నిసార్లు కొట్టాడన్నది తగువు. రెండుసార్లని వాడు, నాలుగుసార్లని ఈయన. ఆ రాత్రి నేను ఎవరినీ కసరలేదు.

మర్నాడు పొద్దున మందుల షాపావిడ కూతురి గౌను కోసం ఎర్రబట్ట పట్టుకుని వచ్చింది.

"నిన్న టీవీలో చూశాం వదినా. మీ తమ్ముడికి రంగులు తెలియవటగా, పాపం! బేకరీలో ఒకటే నవ్వులు. ఇక కేకు మీద క్రీము వాణ్ణి ముట్టుకోనివ్వరట" అంది.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. లోపల మిషను చప్పుడు ఆగింది. మా ఆయన టేపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డారు.

"వాడికి కాదమ్మా. నాకు" అన్నారు.

అయిపోయింది, ఇంక కొట్టు తలుపులు మూసుకోవడమే అనుకున్నాను. ఆవిడ ఆయన వైపు చూసి, నా వైపు చూసి, బట్ట బల్ల మీద పరిచింది.

"మీ సంగతి మాకు తెలియకపోవడమేంటి మాస్టారూ? వదిన ఇంట్లో లేని రోజు మేమెవరమైనా రంగుబట్ట తెచ్చామా?" అంది.

"ఇన్నేళ్ళలో ఒక్కరూ అనలేదే" అన్నారు మా ఆయన.

"మీరూ చెప్పలేదుగా" అంది ఆవిడ, పిల్ల కొలతల గౌను సంచిలోంచి తీస్తూ.

ఆయన మళ్ళీ వెళ్ళి మిషను ముందు కూర్చున్నారు. పరాయి మనిషి ఎదురుగా ఎన్నడూ అడగని మాట, వీధిలోకి కూడా వినపడేటట్టు అడిగారు.

"ఏమేవ్, ఇది ఎరుపేనా?"

"ఎరుపే. కుడి సొరుగు" అన్నాను.