ఏడో మెట్టు

ముందుగా క్షమాపణ. ఒక పెద్దమనిషి స్మృతికి తగిన గాంభీర్యం గానీ, భాషా పటిమ గానీ, కనీసం ఇస్త్రీ చేసిన చొక్కా గానీ నా దగ్గర లేవు. జర్మనీలోని సమస్త తెలుగు ప్రజానీకం నన్ను మన్నించాలి. మా కింది ఫ్లాటు అంకుల్ పోయిన మంగళవారం ఆస్పత్రిలో, నిద్రలోనే కన్నుమూశారు. మెట్ల మీంచి పడి కాదు. ఈ మాట ఎందుకు చెప్పాల్సొచ్చిందో వినండి.

అంకుల్ ఇంజనీరు. మా ఎష్‌బోర్న్ ఊరి చుట్టుపక్కల ఆఫీసు భవనాలకు నలభై ఏళ్లు మెట్లు గీశారు. రిటైరయ్యాక ఆదివారాలు, దగ్గర్లోని ఒక పాత బంగళాలో జీతం లేని గైడు. ఇంగ్లండు మీద మనసు పారేసుకున్న ఒక జర్మన్ వ్యాపారి కట్టించిన ఇల్లది. కింద రాయి, పైన నల్లటి దూలాల మధ్య తెల్లటి గోడలు, ఒకదానితో ఒకటి పోలిక లేని ఇటుక పొగగొట్టాలు. అసలు ఇంగ్లండే ఇంత ఇంగ్లీషుగా ఉండదేమో.

మిగతా గైడ్లు పెద్ద హాలుతో మొదలుపెట్టేవారు. అంకుల్ మాత్రం వంటింట్లోంచి, పనివాళ్లు తిరిగిన ఇరుకు మెట్ల దగ్గరికి తీసుకెళ్లేవారు. ముందు గది చుట్టాల కోసం, ఇంటి సంగతి తెలిసింది వెనక మెట్లకే అనేవారు. ఏడో మెట్టు దగ్గర అందరూ తడబడేవాళ్లు. అప్పటికే ఆయన చెయ్యి చాచి ఉండేది. దొంగ తడబడి చప్పుడు చేయాలని ఆ ఒక్క మెట్టూ కావాలనే ఎత్తుగా కట్టారట. వడ్రంగి బద్ధకమేమో అన్నాను ఒకసారి.

"నలభై ఏళ్లు మెట్లు గీశానోయ్. అన్నీ సమానం. ఒక్కటీ ఎవరికీ గుర్తుండదు. దీన్ని చూడు, కాలికి గుర్తుంటుంది."

పోయినేడు బంగళావాళ్లు మెట్లు కొలిపించారు. ఏ మెట్టయినా ఎక్కువతక్కువగా ఉంటే పీకి కొత్తది వేస్తారు. కొలిచేది నేను చదువుకుంటూ పార్ట్‌టైం చేసే ఆఫీసే. కొలతల టెర్మిన్, అదే, కొలవడానికి ఇచ్చిన తేదీ ఎప్పుడని అంకుల్ రోజూ మా తలుపు తట్టేవారు. ఆ వారం ఆయనకి టీ కూడా సయించలేదని ఆంటీ చెప్పింది.

రిపోర్టు వచ్చింది. మెట్లన్నీ సమానం. మెట్టు బతికింది.

అంకుల్ సంతోషం ఒక పూటే. లేని ఎత్తు గురించి ఇకపై గైడ్లు కథలు చెప్పరాదని వెంటనే ఉత్తరం వచ్చింది. అప్పట్నుంచీ ఆ మెట్ల దగ్గర ఆయన చెప్పింది ఒకటే ముక్క: "కాగితం ప్రకారం అన్నీ సమానమే. ఇక మీ కాళ్ల ఇష్టం."

నన్ను మాత్రం నిలదీశారు. "మీ ఆఫీసులో కొలిచినవాడెవడోయ్? వాడికి టేపు చూడ్డం వచ్చా?"

"ఎవరో కొత్తవాడు అంకుల్."

మొన్న ఆదివారం ఆయన జ్ఞాపకార్థం గైడ్లంతా ఆ ఇంట్లో కలిశారు. వెనక మెట్ల మీంచి వెళ్దామంది ఆంటీ. ఏడో మెట్టు దగ్గర ఒకరి వెనక ఒకరం అందరం తడబడ్డాం. ఆంటీ ఒక్కతే, కిందికి చూడకుండా, కాలు సరిగ్గా ఆ కాస్తా ఎక్కువ ఎత్తి పైకి వెళ్లిపోయింది.

పందొమ్మిది సెంటీమీటర్లున్న చోట పదిహేడని రాసిన ఆ కొత్తవాణ్ణి నేనే.